రెండు వేళ్ల సందు

థోరాకు కోపం వస్తే నోరు మూతపడుతుంది. కేకలేసే రకమైతే నాలుగు తిట్టి సాయంత్రానికి మామూలైపోయేది. ఈమె అలా కాదు. పోయిన శీతకాలం జాతర సంఘం విందులో తమ్ముడు ఆస్‌గర్ మీద అలిగింది. మంచు కరిగింది, చెట్లు చిగిర్చాయి, ఎండలు ముదిరాయి, ఈమె నోరు మాత్రం పెగలలేదు.

కారణం వింటే నవ్వొస్తుంది. ఆస్‌గర్ ఆ విందుకు కొత్త ఛాతీకవచం తొడుక్కుని వచ్చాడు. ఎక్కడో పోలాండ్‌లో యంత్రం మీద అచ్చు గుద్దిన సరుకు, అద్దంలా మెరుస్తోంది. అక్కేమో కమ్మరి. కవచాలు చేయడంలో ఎల్మెబోర్గ్ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్లు లేరు. "అక్క ఉండగా బయట కొన్నావేంట్రా?" అని ఎవరో అడిగితే, "అక్క చేసినవి మోస్తే సాయంత్రానికి నడుం పడిపోతోందిరా బాబూ" అన్నాడు. అందరూ నవ్వారు. థోరా కూడా నవ్వింది. ఆ తర్వాత మాట్లాడడం మానేసింది.

తలకు మాత్రం ఆస్‌గర్ ఇప్పటికీ అక్క చేసిన ఇనప టోపీయే పెట్టుకుంటాడు. బోర్లించిన బకెట్‌లా మొత్తం ముఖాన్ని కప్పేసే టోపీ అది. కళ్ల దగ్గర సన్నటి చీలిక, కుడి చెంప కింద ఊపిరికి చిన్న చిన్న చిల్లులు, అంతే. ముందు రేకునూ వెనక రేకునూ రెండు పక్కలా రివెట్లు వేసి బిగించింది. ఎర్రగా కాల్చి, ఒక్కోదాన్నీ సుత్తితో గుండ్రంగా కొట్టి అమర్చింది. ఆమె చేతిలో అంత బాగా కుదిరిన వస్తువు మరొకటి లేదు. అది ఆమెకూ తెలుసు, ఆస్‌గర్‌కూ తెలుసు.

డెన్మార్క్‌లో మధ్యయుగపు జాతరలు చాలా జరుగుతాయి గానీ, తమదే అసలు సిసలుదని ఎల్మెబోర్గ్ వాళ్ల పట్టుదల. కోట కందకం మీది వంతెన దగ్గరే ఇద్దరు ఆడవాళ్లు నిలబడి వచ్చినవాళ్ల చేతి గడియారాలు విప్పిస్తారు, పావడా అంచు ఎత్తి కింద రబ్బరు బూట్లేమైనా ఉన్నాయేమో చూస్తారు. లోపలికి వెళ్తే మంజిష్ఠ వేరుతో ఎర్రరంగు ఉడికించేవాళ్లు, కొమ్ము దువ్వెనలు కోసేవాళ్లు, మైనం వత్తులు ముంచేవాళ్లు. ఊచకు గుచ్చిన పంది మాంసం వాసన ఒకవైపు, పొగబెట్టిన చేపల వాసన ఒకవైపు. థోరా కొలిమి బరి పక్కనే ఉంటుంది. బరి అంటే కంచె కట్టిన గడ్డి నేల, మధ్యాహ్నం కత్తి పోట్లాటలు జరిగేది అక్కడే. కత్తులకు పదును ఉండదు గానీ బరువుకేం తక్కువ ఉండదు.

బరిలోకి దిగేవాళ్లు పొద్దున్నే థోరా ముందు వరసలో నిలబడాలి. అది ఆ సంఘం కట్టుబాటు. తలకు ముందు దూది కుట్టిన బొంత టోపీ, దాని మీద ఇనప టోపీ పెట్టుకుని తల వంచాలి. ఆమె కింది నుంచి చెయ్యి పోనిచ్చి, కణత దగ్గర రేకుకూ బొంతకూ మధ్య రెండు వేళ్లు దూర్చి చూడాలి. దెబ్బకు రేకు సొట్టపోయినా తలకు తగలకూడదు కదా. దూరితే ఆ పక్కనే రేకు మీద సుద్దతో రెండు గీతలు గీస్తుంది. గీతలు లేనివాణ్ణి బరి పెద్ద వీగో లోపలికి రానివ్వడు. గీత పడ్డాక ఎవడైనా లోపల మార్పులు చేసుకుంటే వాడిక జన్మలో బరిలో కాలు పెట్టకూడదు. వేళ్లు పెట్టకుండా గీత గీసిన చేతికి మళ్లీ సుద్ద ఇవ్వరు. ఇన్నేళ్లలో ఆ రెండో మాట ఎవరి మీదా వాడాల్సిన అవసరం రాలేదు. సుద్ద థోరా చేతిలో ఉంది కాబట్టే రాలేదని అందరూ అనేవారు, ఆమె కూడా కాదనేది కాదు.

ఆ రోజు వరసలో ఆస్‌గర్ వంతు వచ్చింది.

"అక్కా, కొత్త బొంత టోపీ కుట్టించుకున్నా. కాస్త మందం ఎక్కువైంది. బిగుతుగా ఉన్నట్టుంది, చూస్తావా?"

థోరా అతని వెనక నిలబడ్డ కెల్ వైపు చూసింది. కెల్ ఆస్‌గర్‌కు చిన్నప్పటి స్నేహితుడు, ఆ మధ్యాహ్నం అతనితో తలపడబోయేది అతనే.

"కెల్, నేను చేసిన టోపీలు బిగుతుగా ఉండవని చెప్పు ఆయనకి. తలేమైనా పెరిగిందేమో చూసుకోమను."

"నీ ఎదురుగానే ఉన్నాడు కదా థోరా..."

"నాకెవరూ కనపడట్లేదే."

ఆస్‌గర్ తల వంచి నిలబడ్డాడు. వేళ్లు పెట్టాలంటే దగ్గరికి వెళ్లాలి, చెవి పక్కన చెయ్యి ఆనించాలి, చీలికలోంచి వాడి కళ్లు కనపడతాయి. అంత దగ్గర నుంచి తమ్ముడి కళ్లు చూస్తే ఇన్నాళ్లు దాచుకున్న కోపం ఎక్కడ కరిగిపోతుందో అని ఆమె భయం. సుద్దముక్క తీసి ఎడమ కణత మీద చరచరా రెండు గీతలు గీసేసింది.

"తర్వాత ఎవరు?" అంది.

మధ్యాహ్నానికి ఎండ మాడ్చేస్తోంది. ఆ దేశపు ఎండ ఎంతలే అనుకునేవాళ్లు ఒంటినిండా ఇనుము తొడుక్కుని చూడాలి. పోట్లాటకు దిగేవాళ్లు చల్లగా ఉంటుందని బొంత టోపీలు గుర్రాల తొట్టిలో ముంచి, కారుతుండగానే తలకు తగిలించుకుంటారు. అందరూ చేసేదే. థోరా కొలిమి దగ్గర నుంచి చూస్తుండగా ఆస్‌గర్ కూడా తన కొత్త బొంతను తొట్టిలో ముంచాడు. కొత్త దూది, నీళ్లు తాగి ఉబ్బింది. దాన్ని తలకు పెట్టుకుని, ఇనప టోపీ పైనుంచి కిందికి దింపడానికి రెండు చేతులతో తెగ కుస్తీ పట్టాడు. చివరికి అరచేత్తో పైన రెండు బాదులు బాదితే గానీ దిగలేదు.

థోరా సుత్తి గాల్లోనే ఆగిపోయింది. పొద్దున్న తను వేళ్లు పెట్టలేదు. వెళ్లి వీగోతో చెప్పాలి. చెప్తే, పదిమందిలో ఏమని చెప్పాలి? తమ్ముడి మీద అలిగి వేళ్లు పెట్టలేదని చెప్పాలా? నాలుగు దెబ్బల పోట్లాట, ఇట్టే అయిపోతుంది, అవ్వగానే నేనే వెళ్లి టోపీ లాగి పారేస్తా అనుకుంది. అనుకున్నదే గానీ చెయ్యి పని మీద నిలవలేదు. సుత్తి పట్టుకునే కంచె దగ్గరికి వచ్చి నిలబడింది.

మొదటి రెండు దెబ్బలూ డాలు మీద పడ్డాయి. జనం హోరెత్తారు. మూడోసారి కెల్ కత్తి తిప్పి కొట్టాడు, ఆస్‌గర్ డాలు ఎత్తడం ఒక్క క్షణం ఆలస్యమైంది. దెబ్బ ఎడమ కణత మీద, సరిగ్గా సుద్దగీతల పక్కన పడింది. రేకు లోపలికి నొక్కుకుపోయింది. దెబ్బ ఊపుకి టోపీ తల మీద పక్కకు తిరిగిపోయింది. కళ్ల చీలిక చెవి దగ్గరికి వచ్చింది, ఊపిరి చిల్లులు ఎక్కడికో పోయాయి. ఆస్‌గర్ మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో టోపీ అంచు పట్టుకుని పైకి లాగడం మొదలుపెట్టాడు. అది కదల్లేదు.

జనం చప్పట్లు కొట్టారు. మంచి దెబ్బ కదా మరి.

థోరా కంచె దూకింది. యాభై దాటిన మనిషి, బారెడు పావడాతో ఎలా దూకిందో ఆమెకే తెలీదు. వీగో అప్పటికే చేతికర్ర నేలకు విసిరేశాడు. కర్ర పడితే ఆట నిజంగా ఆగిందని అర్థం. చప్పట్లు ఒక్కొక్కటే సద్దుమణిగాయి.

"లాగకండి!" అంటూ మారెన్ పరుగెత్తుకొచ్చింది. ఆమె ఊళ్లో ఆసుపత్రి డాక్టరు, ఆ రోజు నన్ వేషంలో ఉంది. "ఎవరూ లాగకండి, మెడ విరుగుతుంది. మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టండి."

పడుకోబెట్టారు. థోరా గడ్డం కింది పట్టీని కత్తితో తెంపింది. టోపీ ఊగనైనా ఊగలేదు. కింది నుంచి చెయ్యి పోనిచ్చింది. పొద్దున్న పెట్టాల్సిన వేళ్లు ఇప్పుడు పెట్టబోతే గోరు కూడా దూరలేదు. సొట్ట పడ్డ రేకు కణతను పట్టేసింది. తడిసిన బొంత టోపీతోపాటే తిరిగి ముక్కూ నోరూ కప్పేసింది. లోపల నుంచి మూలుగు వినపడుతోంది, మధ్య మధ్యలో గుడ్డలోంచి గాలి పీల్చుకునే చప్పుడు.

"గాలి చాలట్లేదు" అంది మారెన్. "బొంత ముఖానికి అంటుకుపోతోంది. టోపీ తియ్యాలి, వెంటనే తియ్యాలి."

"ఫైరింజన్‌కీ అంబులెన్స్‌కీ ఫోన్ చేశా" అన్నాడు వీగో. అంగీ లోపల దాచిన ఫోను చేతిలో పట్టుకునే ఉన్నాడు. "బయల్దేరారు. కానీ వంతెన నిండా జనం, బళ్లు..."

"నా కార్లో ఇనుము కోసే గ్రైండర్ ఉంది" అన్నాడు కెల్. "బ్యాటరీది. పరిగెత్తి తెస్తా, కోసేద్దాం."

"కోస్తే ఆ రేకు కాలుతుంది కెల్. దాని కింద వాడి చెంపే ఉంది. లోపల నేను అతికించిన నారపీచుంది, నిప్పురవ్వ పడితే రాజుకుంటుంది. వద్దు. నా ఉలీ, ఇనప కడ్డీ తీసుకురా. బల్ల మీద ఇసుక సంచి ఉంది, అదీ తే. పరిగెత్తు."

కెల్ ఒంటిమీద ఇనుముతోనే పరిగెత్తాడు.

ఆస్‌గర్ కాళ్లు కొట్టుకుంటున్నాడు. చేతులు మళ్లీ టోపీ మీదికి వెళ్తున్నాయి. థోరా వంగి, చెవి దగ్గరికి తిరిగిపోయిన చీలికకు నోరు ఆనించింది.

"ఆస్‌గర్. నేనురా, అక్కని."

కాళ్లు ఆగిపోయాయి.

"వినపడుతోందా? వినపడితే చేత్తో నేల మీద రెండుసార్లు కొట్టు."

ఇనప తొడుగు వేసుకున్న చెయ్యి గడ్డి మీద పడింది. దబ్, దబ్.

"రివెట్లు తెంపబోతున్నా. చెవి పక్కనే మోత వస్తుంది. దడుచుకోకు. తల కదిపావంటే చంపేస్తా."

దబ్, దబ్.

మారెన్ రెండు చేతులతో అతని మెడ పట్టుకుని, మోకాళ్ల మధ్య టోపీని కదలకుండా బిగించింది. ఇసుక సంచి కిందికి తోశారు. థోరా ఉలి అంచును ఎడమ పక్క మొదటి రివెట్ తల కింద ఆనించి కొట్టింది. అది చెక్కుచెదరలేదు. నా రివెట్లు ఏనుగు లాగినా ఊడవని ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకుందో! మళ్లీ కొట్టింది. మళ్లీ కొట్టింది. గట్టిగా కొడితే తమ్ముడి తల అదురుతుంది, మెల్లగా కొడితే ఇనుము తెగదు. ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉన్న దెబ్బను వెతుక్కోవాలి. నాలుగో దెబ్బకు రివెట్ తల ఎగిరి గడ్డిలో పడింది.

"ఒకటి పోయిందిరా. ఉన్నావా?"

దబ్, దబ్.

రెండోది. ఉలి జారి ఆమె బొటనవేలు చీరేసింది. రక్తం కారి సుద్దగీతల మీద పడింది. తుడుచుకోలేదు. మూడోది తెగింది.

"నీ పోలాండ్ కవచం బావుందిరా" అంది, కొడుతూనే. ఎవరు వింటున్నారో ఏమనుకుంటున్నారో ఆమెకు పట్టలేదు. "నిజంగానే బావుంది. తేలికగా ఉంది, మెరుస్తోంది. అందుకే నాకు కుళ్లు. విన్నావా? కుళ్లుతోనే మాట్లాడలేదు. నవ్వుకో, తర్వాత తీరిగ్గా నవ్వుకో. ఇప్పుడు నేల మీద కొట్టు."

దబ్.

ఒక్కటే. ఆమె ఒక్క క్షణం ఆగింది రెండోదాని కోసం. రాలేదు.

"ఆస్‌గర్?"

చెయ్యి గడ్డి మీద విప్పారి పడి ఉంది. లోపల నుంచి వచ్చే చప్పుడు కూడా ఆగిపోయింది.

"థోరా, తొందరగా" అంది మారెన్. గొంతు పెంచలేదు, కానీ ఆ గొంతు విని వీగో అటు తిరిగిపోయాడు.

కింది మూల రివెట్ ఒకటే మిగిలింది. దెబ్బకు రేకు వంగి అక్కడ మడతపడింది, ఉలికి సందు దొరకడంలేదు. ఒకసారి కొట్టి చూసింది, జారింది. ఉలి అవతల పారేసింది. "కడ్డీ!" అని అరిచింది. కెల్ అందించాడు. విడిపోయిన రెండు రేకుల మధ్య కడ్డీ మొన దూర్చి, "నువ్వా పక్క రేకు పట్టుకో. మారెన్, మెడ వదలకు" అంటూ మొత్తం బరువు దాని మీద వేసింది. ఇనుము కీచుమంది. ఆమె పళ్లు బిగబట్టి ఇంకా వంగింది. తను కట్టిన ముడి తనకే లొంగలేదు, లొంగలేదు, ఆఖరికి టప్పున తెగింది. రేకు డబ్బా మూత లేచినట్టు ముందు పక్క లేచి వచ్చింది.

మారెన్ బొంతను లాగి పారేసింది. ఆస్‌గర్ ముఖం నీలంగా ఉంది, జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది, కళ్లు మూసి ఉన్నాయి. మారెన్ అతని గడ్డం ఎత్తి, నోట్లో వేలు పెట్టి చూసి, తన నోటితో గాలి ఊదింది. మళ్లీ ఊదింది. థోరా గడ్డిలో మోకాళ్ల మీద అలాగే ఉండిపోయింది. కడ్డీ చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలీదు. వీడు లేస్తే చాలు, ఇంకేమీ అడగను, వీడు లేస్తే చాలు అని ఒకటే మాట మనసులో తిప్పుకుంటోంది.

ఆస్‌గర్ దగ్గాడు. ఒళ్లంతా ఎగిరిపడేట్టు దగ్గాడు. ఆ తర్వాత గాలిని గీకుతున్నట్టు కీచుగా లోపలికి పీల్చుకున్నాడు. అంత అందమైన చప్పుడు థోరా తన జీవితంలో వినలేదు.

కంచె అవతల ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. వీగో చెయ్యెత్తి ఆపేశాడు.

బరిలో మనిషి పడితే ప్రశ్న అక్కడికక్కడే, అందరి ముందూ అడగాలి. అదీ కట్టుబాటే. సాయంత్రం దాకా ఆగితే అందరి కథలూ మారిపోతాయని పాతవాళ్ల అనుభవం. వీగో గడ్డిలో పడున్న సగం టోపీని తీసి చూశాడు. సొట్ట పక్కన రక్తం మరకల కింద రెండు తెల్లగీతలు కనపడుతున్నాయి.

"ఇది ఎవరి సుద్ద?" అని అడిగాడు.

"ఇప్పుడా ఈ గోల?" అంది మారెన్ కోపంగా.

"ఇప్పుడే అడగాలి డాక్టరమ్మా, నాకూ సరదా కాదు. థోరా, సుద్ద నీదే కదా. వేళ్లు దూరాయా?"

థోరా నోరు తెరిచేలోపే కింద నుంచి జవాబు వచ్చింది.

"దూరాయి." ఆస్‌గర్ గొంతు బొంగురుపోయింది. ఒక్కో మాటకీ ఆయాసపడుతున్నాడు. "పొద్దున్న దూరాయి వీగో గారూ. తర్వాత... నేనే బొంత మార్చుకున్నా. మందంది వేసుకున్నా. అక్కకి తెలీదు."

కెల్ తల దించుకున్నాడు. అతనికి నిజం తెలుసు, వరసలో వెనకే ఉన్నాడు. అయినా స్నేహితుడు అబద్ధం ఆడుతుంటే మధ్యలో దూరడం ఎలాగో అతనికి తోచలేదు. వీగో పెద్దగా నిట్టూర్చాడు. బొంత మార్చుకున్నవాడికి శిక్ష ఏమిటో అందరికీ తెలుసు. ఆస్‌గర్ మీసాలు రాకముందు నుంచీ ఈ బరిలోనే పెరిగాడు. ఏడాదంతా బస్సు నడిపేది ఈ నాలుగు రోజుల కోసమే అన్నట్టు ఉంటాడు.

థోరా అతని ముఖం వంక చూసింది. వాడు ఆమె వైపు చూడడంలేదు, ఆకాశం వంక చూస్తున్నాడు. ఊపిరి సరిగా అందకముందే మొదటి ఊపిరిని తన కోసం అబద్ధానికి ఖర్చు పెట్టాడు వెధవ. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"వాడు అబద్ధం చెప్తున్నాడు" అంది.

"అక్కా, ఊరుకో..."

"నువ్వు ఊరుకో. పొద్దున్న ఆ బొంతతోనే వచ్చాడు వీగో గారూ. బిగుతుగా ఉంది చూడక్కా అని అడిగాడు కూడా. నేను వేళ్లు పెట్టలేదు. వాడి ముఖం చూడడం ఇష్టంలేక పెట్టలేదు. గీత ఊరికే గీశా. మధ్యాహ్నం వాడు టోపీ పెట్టుకోలేక అవస్థ పడుతుంటే చూశాను, అప్పుడు కూడా వచ్చి చెప్పలేదు. సిగ్గుపడ్డా."

దూరంగా మైనం వత్తుల దగ్గర ఎవరో వేణువు వాయిస్తున్నారు, ఇక్కడ ఏం జరిగిందో వాళ్లకు తెలీదు. థోరా నడుముకు వేలాడుతున్న తోలు సంచి విప్పి, సుద్దముక్క తీసి వీగో చేతిలో పెట్టింది. ముసలాయన దాన్ని తీసుకోవాలా వద్దా అన్నట్టు కాసేపు అరచేతిలో ఉంచుకుని, చివరికి గుప్పిట మూశాడు.

"మనసు ఒప్పుకోవట్లేదు థోరా" అన్నాడు.

"ఒప్పుకోకపోతే మాత్రం! కట్టుబాటు కట్టుబాటే కదండీ."

వంతెన మీద జనాన్ని తప్పించుకుని స్ట్రెచర్ మోసుకుంటూ అంబులెన్స్ వాళ్లు వచ్చారు. మారెన్ వాళ్లకు గబగబా ఏదో చెప్తోంది. ఆస్‌గర్‌ను ఎత్తి పడుకోబెట్టారు. పట్టీలు బిగిస్తుంటే అతను తల కొద్దిగా తిప్పి అక్కను వెతుక్కున్నాడు. థోరా దగ్గరికి వెళ్లింది. ఎడమ కణత వాచి, నల్లగా కమిలిపోయి ఉంది. చెవి పక్క నుంచి చెయ్యి పోనిచ్చి, చూపుడు వేలూ మధ్య వేలూ ఆ వాపు మీద మెల్లగా ఆనించింది. వేళ్ల కింద నరం కొట్టుకుంటోంది.

ఆస్‌గర్ ఆమె కళ్లలోకి చూశాడు. అంత దగ్గర నుంచి చూశాడు.

"వేళ్లు దూరాయా అక్కా?" అని అడిగాడు.

"లేదురా" అంది థోరా. "దూరలేదు." స్ట్రెచర్ కదిలింది. ఆమె వేళ్లు తియ్యకుండానే దాని పక్కన నడిచింది.